ఏడవలేక నవ్వినదాన్ని

మా వైపు చావు ఇంటికి వెళ్ళడమంటే ఊరికే వెళ్ళి ఓ మూల కూర్చుని రావడం కాదు. గుమ్మం ఎక్కకముందే గొంతు ఎత్తాలి. ఆ గొంతు విని లోపలున్న ఇల్లాలు తనూ ఎత్తుతుంది. ఇద్దరూ ఒకరి మెడ మీద ఒకరు పడి, పోయిన మనిషి ఏం తినేవాడో, ఎలా పిలిచేవాడో, ఎవరికేం చేశాడో రాగం తీసి చెప్పుకోవాలి. దాన్ని శోకాలు పెట్టడం అంటారు. కాసేపటికి ఎవరో ఒకావిడ "ఊరుకోమ్మా ఊరుకో, మన చేతుల్లో ఏముంది" అంటుంది. అప్పుడు ఊరుకోవాలి. అలాగని ఆ మాట అనగానే ఊరుకోకూడదు. చెంగుతో ముక్కు తుడుచుకుని ఇంకో రెండు మాటలు అని, అప్పుడు ఊరుకోవాలి.

ఈ విద్యలో నాకు పేరుంది. బడికి వెళ్ళింది రెండో తరగతి దాకానే. సంతకం పెడతాను, బస్సు బోర్డు కూడబలుక్కుని చదువుతాను, అంతకుమించి అక్షరంతో నాకు పని పడలేదు. ఇది కూడా నేను చెబుతుంటే మా కోడలు రాస్తోంది. కానీ శోకాల్లో మాత్రం నాకు ఎవరూ ఒత్తు దిద్దనక్కర్లేదు. ఇబ్రహీంపట్నంలో మా దూరపు చుట్టం అత్తగారు పోయింది. ఆవిడని నేను చూసింది ఒక్కసారి, ఏదో పెళ్ళిబంతిలో, నా పక్కన కూర్చుని రెండోసారి పూర్ణాలు వడ్డించమంది. అంతే పరిచయం. ఆ పూర్ణాలు పట్టుకునే నేను శోకం అందుకుంటే ఆవిడ సొంత కూతుళ్ళు లేచి వచ్చి నన్ను ఓదార్చారు.

మా ఆయన వన్‌టౌన్‌లో బట్టల కొట్టు గుమాస్తా, ఆ కొట్టు పైన మేడ మీదే మా కాపురం. ఆయన పోయినప్పుడు మేడ మెట్ల మీద కొత్త మనిషి చెప్పుల చప్పుడు వినపడగానే గొంతు ఎత్తేదాన్ని. ఆ మనిషి కాఫీ తాగి దిగిపోగానే "పాల ప్యాకెట్లు ఇంకా ఉన్నాయా?" అని కోడల్ని అడిగేదాన్ని. మళ్ళీ చప్పుడైతే మళ్ళీ అందుకునేదాన్ని. అది దొంగేడుపని ఎవరూ అనుకోకండి. లోపల దుఃఖం లోపల ఉంది. బయటి గొంతు దాని పని అది చేసుకుంటూ పోయింది. పగ్గాలు నా చేతిలో ఉన్నాయనుకునేదాన్ని. చేతిలో లేవు, బుర్రలో ఎక్కడో ఉన్నాయని నిరుటిదాకా నాకు తెలియదు.

నిరుడు ఒక పొద్దున కాఫీ గ్లాసు ఎడమచేతిలోంచి జారిపోయింది. వంగి తీద్దామంటే చెయ్యి మాట వినలేదు. మా కోడలు నా మొహం చూసి గ్యాస్ కట్టేసి ఆటో పిలిచింది. ఆసుపత్రిలో తల ఫోటో తీసి, మెదడులో చిన్న నరం మూసుకుపోయింది, చిన్నదే, అదృష్టవంతురాలివి అన్నారు. నాలుగు రోజులకే ఇంటికొచ్చాను. చెయ్యి మళ్ళీ దారికొచ్చింది.

చూడ్డానికి వచ్చినవాళ్ళంతా ఒకటే పరీక్ష.

"ఏదీ పిన్నిగారూ, ఓసారి నవ్వండి."

మూతి వంకర పోయిందేమోనని వాళ్ళ అనుమానం. నవ్వేదాన్ని.

"తిన్నగానే ఉందండీ. ఏం ఫర్వాలేదు."

వీధి వీధంతా వచ్చి నా నవ్వు తిన్నగా ఉందని సర్టిఫికెట్ ఇచ్చి వెళ్ళింది. అది ఎప్పుడు వస్తుందో, ఎందుకు వస్తుందో ఎవరూ అడగలేదు. నాకూ అడగాలని తోచలేదు.

తర్వాత చిన్న చిన్నవి జరిగాయి. టీవీలో హాస్యం వస్తుంటే నా కళ్ళ వెంట నీళ్ళు కారేవి. మా అబ్బాయి స్కూటర్ మీంచి పడి మోచెయ్యి చీరుకుపోయి వస్తే నేను కిసుక్కున నవ్వాను. వాడు "అమ్మా, నీకు కామెడీగా ఉందా?" అని విసుక్కున్నాడు. ప్రతిసారీ అలా అని కాదు. కానీ వచ్చినప్పుడు మాత్రం తుమ్ములా వచ్చేది. ముక్కు పట్టుకుంటే తుమ్ము ఆగుతుందా? నీరసం అనుకున్నాం. నీరసం అంటే మా ఇంట్లో అన్నిటికీ సరిపోయే జబ్బు.

ఆ నీరసంలోనే మా అన్నయ్య పోయాడు.

మాది పెడన, నేత కుటుంబం. నాకు తోడబుట్టినవాడు ఆ ఒక్క అన్నయ్యే. మా వదిన ఆ ఇంటికి కోడలుగా వచ్చేసరికి నాకింకా పెళ్ళి కాలేదు, ఆవిడకీ నాకూ ఒకటే వయసు. పొద్దస్తమానం ఎదురెదురుగా కూర్చుని మగ్గానికి కండెలు చుట్టేవాళ్ళం. నూలు మీద చెయ్యి ఉంటుంది గనక నోళ్ళు ఖాళీ. ఆ నోళ్ళతో మేం ఆడిపోసుకోని మనిషి పెడనలో లేడు. అమ్మ పోయాక, నాన్న పోయాక, నాకు పుట్టిల్లంటే ఆ వదినే. ఆవిడ తలుపు తీస్తే ఉన్నట్టు, వేస్తే లేనట్టు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. అన్నయ్య పోవడానికి ఏడాది ముందు నాతో చెప్పకుండా నాన్న మగ్గం గుంట పూడ్పించి పైన సిమెంటు చేయించాడు. మా మగ్గాలు నేలలో గుంట తీసి కట్టేవి. నేసేవాడు గుంటలో కాళ్ళు దించి కూర్చుంటాడు. మా నాన్న బతుకంతా ఆ గుంటలోనే గడిచింది. నేను వెళ్ళేసరికి అక్కడ నున్నటి నేల, దాని మీద ఫ్రిజ్. నాకు ఒళ్ళు మండింది. "నాన్న గుంట పూడ్చి ఫ్రిజ్ పెడతావా? నిన్ను చూసి నవ్వే రోజొకటి వస్తుంది" అని వచ్చేశాను. తర్వాత మామూలుగానే మాట్లాడుకున్నాం. అన్నాచెల్లెళ్ళన్నాక సవాలక్ష అనుకుంటాం. కానీ నోటి మాట గాలికి పోతుందని నేననుకున్నాను. వదిన చెవిలో పడ్డది వదిన చెవిలోనే ఉంది.

మా అబ్బాయితో రైలెక్కి గుడివాడ దాటేదాకా కిటికీకి తల ఆనించుకుని కూర్చున్నాను. గుండెల్లో రాయి పెట్టినట్టుంది. మనసులో శోకం కూర్చుకుంటూనే ఉన్నాను. అలవాటు మరి. చిన్నప్పుడు వానలో నన్ను భుజాన ఎక్కించుకుని బడికి తీసుకెళ్ళింది, నా పెళ్ళికి అప్పగింతలప్పుడు మేనమామ వెనక దాక్కుని ఏడ్చింది, అన్నీ వరస పెట్టుకున్నాను. ఎవరెవరి చావులకో ఏడ్చిన గొంతు ఇది. ఇవాళ సొంత పని పడింది.

ఇంటి ముందు జనం. వదిన నన్ను చూసి "వచ్చావంటే! మీ అన్న చూడవే, పలకడవే!" అని చేతులు చాచింది. నేను పరుగున వెళ్ళి ఆవిడ మెడ మీద పడ్డాను. నోరు తెరిచాను.

నవ్వొచ్చింది.

చిన్నది కాదు. పగలబడి, పొట్ట పట్టుకుని, ఊపిరి అందనంత. లోపల నేను "అన్నయ్యా" అని అరుస్తున్నాను. బయట హహ్హహ్హ అని వినపడుతోంది. ఆ నవ్వు విని నాకు భయం వేసింది. భయం వేసేకొద్దీ ఇంకా ఎక్కువైంది. చుట్టూ ఏడుస్తున్నవాళ్ళు ఒక్కొక్కరే ఆగిపోయారు. చావు ఇంట్లో అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. దాని మధ్యలో నా నవ్వొక్కటే.

"మతి చలించినట్టుందమ్మా" అంది ఒకావిడ.

"మతి కాదులే, మనసులో మాట" అంది ఇంకొకావిడ.

వదిన నన్ను రెండు చేతులతో తోసి, నా మొహం చూసింది. ఏడుపు ఆపేసింది.

"నవ్వే రోజు వస్తుందన్నావు. వచ్చిందా? నవ్వు. కడుపారా నవ్వుకో. నవ్వి వెళ్ళిపో. మళ్ళీ ఈ గడప తొక్కావంటే నా మీద ఒట్టు."

మా అబ్బాయి నన్ను చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చాడు. వీధి చివర కిళ్ళీకొట్టు అరుగు మీద కూర్చుని ఇంకాసేపు నవ్వాను. అన్నయ్యని తీసుకెళ్తుంటే దూరం నుంచే చూశాను. నోట్లో చెంగు కుక్కుకుని చూశాను.

పదకొండో రోజుకి నన్ను పిలవలేదు. ఆడపడుచు లేకుండా ఆ ఇంట్లో కార్యం జరగడం అదే మొదలు.

అప్పుడు మా కోడలు నన్ను నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఆవిడ బళ్ళో టీచరు, ఏదైనా ఒకసారి అడిగితే చాలదు, నాలుగుసార్లు అడుగుతుంది. డాక్టరుగారు కుర్రవాడే, ఓపికున్నవాడు. నాకు అర్థమయ్యేలా చెప్పాలని కాగితం మీద రెండంతస్తుల మేడ గీశాడు.

"చూడండమ్మా. నవ్వూ ఏడుపూ కింది అంతస్తులో ఉంటాయి. ఒకే గదిలో ఉంటాయనుకోండి. పైన ఒక పెద్దాయన కూర్చుని, ఇప్పుడు ఇది, ఇప్పుడు అది, ఇక్కడ వద్దు, ఇక చాలు అని చెబుతుంటాడు. మీకు మెట్లు దెబ్బతిన్నాయి. పైనున్న మాట కిందికి సరిగ్గా చేరట్లేదు. మీ బాధ బాధగానే ఉంది. బయటికి వచ్చేది తప్పు వస్తోంది."

"మా ఇంటి పెద్దాయన పోయి పదేళ్ళయింది బాబూ" అన్నాను.

డాక్టరుగారు నవ్వాడు. నాకు కళ్ళ నీళ్ళు వచ్చాయి. ఆయన నవ్వు ఆపి, అదిగో అదే జబ్బు అన్నాడు.

మేడ సంగతి నాకు సగమే ఎక్కింది. ఇంటికొచ్చాక నాకు నేను మగ్గంలో పెట్టుకుని అర్థం చేసుకున్నాను. గుంటలో కాలితో తొక్కే చెక్కలుంటాయి. వాటికి తాళ్ళు. ఈ చెక్క తొక్కితే ఈ పోగులు లేస్తాయి, ఆ చెక్క తొక్కితే ఆ పోగులు. తాళ్ళు అటుది ఇటు కట్టారనుకోండి, నేసేవాడు సరిగ్గానే తొక్కుతాడు, వేరే పోగులు లేస్తాయి. పాపం అతని కాలిది తప్పా? అయినా పాడైన గుడ్డ చూసినవాళ్ళు నేతగాణ్ణే అంటారు.

కొన్ని నెలలకి దానంతటదే తగ్గవచ్చు, తగ్గకపోతే మాత్రలున్నాయి అన్నాడు డాక్టరుగారు. నాకు మాత్రల మీద లేదు ధ్యాస. వదినకి ఈ సంగతి ఎవరు చెబుతారు?

కోడలే వెళ్ళింది. తల ఫోటో పట్టుకుని, ఉత్త చేతులతో వెళ్ళకూడదని క్యారేజీలో పులిహోర పెట్టుకుని పెడన వెళ్ళింది. సాయంత్రానికి వడలిపోయి తిరిగొచ్చింది.

"ఏమందే?"

"ట్యూబులైటు కింద పట్టుకుని అంతా చూపించానత్తయ్యా. ఇదిగో ఈ తెల్లటి మచ్చండీ అన్నాను. ఆవిడ అటు తిప్పి ఇటు తిప్పి చూసి, ఇందులో నవ్వెక్కడుందీ అంది."

"ఇంకా?"

"వద్దులెండి."

"చెప్పవే."

"నవ్వే ఆడదాన్నీ ఏడ్చే మగాణ్ణీ నమ్మకూడదని మా అమ్మ చెప్పేది, ఫోటో తీయించుకొస్తే నమ్మమని చెప్పలేదు అంది."

నాకు గుండె తరుక్కుపోయింది. అంచేత ఫక్కున నవ్వాను. కోడలికి అప్పటికి అలవాటైంది. నా వీపు నిమిరింది.

ఈలోగా వన్‌టౌన్‌లో నా పేరు పాకింది. చావు కబుర్లు నాకు చెప్పడం మానేశారు. కొట్టుకి ఎదురింటి తాతగారు పోతే, నేను మేడ మీదున్నానని తెలిసి పలకరింపుకి వెళ్ళేవాళ్ళు చప్పుడు కాకుండా నడుచుకుంటూ వెళ్ళారు, పిల్లి ముందు చేపల బుట్ట మోసుకెళ్ళినట్టు. ఇన్నాళ్ళూ తెలియనివాళ్ళకి గుక్కపట్టి ఏడిస్తే మంచి మనసున్న మనిషి అన్నారు. సొంత అన్నకి గుండె పగిలి నవ్వితే రాతి గుండె అన్నారు. గుండె మాట ఇందులో ఎక్కడా లేదని, ఇదంతా బుర్రలో ఓ మెట్టు విరిగిన గొడవని ఎవరికి చెప్పను?

పక్కింటి కుర్రాడు ఒక్కడే మంచి సలహా ఇచ్చాడు.

"పార్కులో లాఫింగ్ క్లబ్బుందండీ పిన్నిగారూ. పొద్దున్నే అందరూ కష్టపడి నవ్వుతారు. మీకైతే కష్టమే లేదు. మిమ్మల్ని లీడర్ని చేస్తారు."

వెటకారమే. అయినా వెళ్ళాను. బ్యాంకుల్లో, ఆఫీసుల్లో రిటైరైన పెద్దమనుషులు గుండ్రంగా నిలబడి, చేతులు పైకెత్తి "హో హో, హ హ" అంటున్నారు. ఏం తమాషాగా ఉందో! ఆ తమాషాకి నాకు ఏడుపు ఆగలేదు. పాపం వాళ్ళు నవ్వడం మానేసి నా చుట్టూ చేరారు. ఒకాయన మంచినీళ్ళిచ్చాడు. "ఇంట్లో కోడలు ఏమన్నా అందామ్మా?" అని మెల్లగా అడిగాడు. (ఇది రాయొద్దంటోంది కోడలు. రాయమ్మా, నిన్ను నేనేం అనలేదుగా.)

ఇలా వర్షాలు వచ్చాయి, వెళ్ళాయి. ఒకరోజు మధ్యాహ్నం మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. ఎడమకాలు కొంచెం ఈడ్చే చప్పుడు. ఆ నడక నాకు తెలుసు.

వదిన. చేతిలో మా క్యారేజీ.

"తువ్వాళ్ళ బేరానికి కింద కొట్టుకి వచ్చాను. మీ గిన్నె మీకిచ్చి పోదామని" అంది. లోపలికి రాకుండా గుమ్మంలోనే క్యారేజీ పెట్టింది. బరువుగా చప్పుడైంది. మూత తీశాను. నిండా జంతికలు. ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వకూడదు కదా. నా మొహం చూడకూడదనుకున్న మనిషి కూడా పిండి తడిపి, నూనె కాచి, జంతికలు వత్తుకొచ్చింది.

"కూర్చో వదినా. మంచినీళ్ళు..."

"నీ నీళ్ళొద్దు" అని మంచం అంచున కూర్చుంది. "ఒక్క మాట అడిగి పోతాను. మీ అన్న నీకేం అన్యాయం చేశాడే?"

నాకు భయం వేసింది. రాబోయేది నాకు తెలుసు. చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. ఆగలేదు.

"అదిగో! మళ్ళీ! ఆ రోజు పొద్దున లేచి నా చేత ఉప్మా చేయించుకుని, రెండు ముద్దలు తిని, ఇలా చెయ్యి ఛాతీ మీద పెట్టుకుని, అట్లాగే వాలిపోయాడే! ఆ మనిషిని తల్చుకుని నవ్వుతావా?"

నేను మంచం కోడు పట్టుకుని నవ్వాను. చచ్చిపోతానేమో అన్నంత నవ్వు. వదిన లేచింది. గుమ్మం దాకా వెళ్ళింది. అక్కడ తిరిగి, కోపం పట్టలేక అరిచింది.

"మీ వంశమే అంతే! సమయం లేదు సందర్భం లేదు! పెళ్ళిచూపులకొచ్చిననాడు మీ అన్న నన్ను చూస్తూ చూస్తూ నడిచి, మా నాన్న మగ్గం గుంటలో పడ్డాడు. కాఫీ గ్లాసుతో సహా! మా నాన్నేమో గుంటలోంచి తల పైకెత్తి, బాబూ, పిల్లని చూసుకుంటారా, నేత మొదలుపెడతారా అన్నాడు! అందుకే కాబోలు, ముసలాడయ్యాక ఇంట్లో మీ నాన్న గుంట పూడ్పించాడు. మోకాళ్ళు వంగక దిగలేడు, రాత్రుళ్ళు మంచినీళ్ళకి లేచి మళ్ళీ ఎక్కడ పడతాడోనని ఆయన భయం. అది నీకు చెప్పుకోడానికి సిగ్గు!"

నా నవ్వు ఆగిపోయింది. కాఫీ గ్లాసు పట్టుకుని గుంటలో ఉన్న అన్నయ్య కళ్ళకు కట్టాడు. అంత హాస్యం నేను ఈ మధ్య విన్నదే లేదు. పొట్టలోంచి తన్నుకుంటూ ఏడుపు వచ్చింది. ఆ రోజు రావాల్సిన ఏడుపు. గొంతు దానంతట అదే రాగం ఎత్తుకుంది. "ఓ అన్నయ్యో, గుంటలో పడ్డావా అన్నయ్యో..."

వదిన గుమ్మంలో అలాగే నిలబడిపోయింది.

"ఇదేంటే? నవ్వాల్సినచోట ఏడుస్తావు?"

ఏడుస్తూనే, నా చేతుల్లో లేదన్నట్టు చెయ్యి ఊపాను. ఆవిడ నా దగ్గరికొచ్చి నా గడ్డం పట్టుకుని మొహం పైకెత్తింది. ఆ తల ఫోటోని చూసినట్టే అటు తిప్పి ఇటు తిప్పి చూసింది.

"అయితే ఆ రోజు నువ్వు..."

"ఏడవలేక నవ్వాను వదినా."

"ఆ మాట లోకంలో అందరూ ఊరికే అంటారనుకున్నానే" అంది వదిన. తర్వాత చెప్పులు విడిచి, కాళ్ళు మంచం మీద ముడుచుకుని, క్యారేజీ దగ్గరికి లాక్కుని ఒక జంతిక విరిచింది. "అయితే ఉండు. మీ అన్న కొత్త పంచె రైలు తలుపులో ఇరుక్కున్న సంగతి నీకు తెలుసా?"

తెలియదు. ఆ మధ్యాహ్నం తెలియనివి చాలా తెలిశాయి. ఆవిడ ఒక్కొక్కటీ చెప్పి పడిపడి నవ్వింది. నేను ఒక్కొక్కదానికీ గుక్కపట్టి ఏడ్చాను. మా అన్నయ్యకి చేయాల్సిన శోకం అంతా ఒక్క పొల్లు పోకుండా చేశాను. ఇబ్రహీంపట్నం ఏ మూలకి!

బడి నుంచి వచ్చిన కోడలు గుమ్మంలో ఈ దృశ్యం చూసింది. వదిన తొడ చరుచుకుని నవ్వుతోంది, నేను కుళ్ళి కుళ్ళి ఏడుస్తున్నాను. సంచీ కింద పడేసి విరుచుకుపడింది.

"ఇదేం బాగుందండీ పెడన అత్తయ్యగారూ! ఇంటికొచ్చి మరీ మా అత్తయ్యని ఏడిపిస్తారా?"

"ఏడిపించడానికే వచ్చానమ్మాయ్" అంది వదిన, కళ్ళు తుడుచుకుంటూ. "ఇంకా రెండున్నాయి. కూర్చో, నువ్వూ విను."

ఆ తర్వాత జబ్బు తగ్గట్లేదని డాక్టరుగారు మాత్ర మొదలుపెట్టాడు. మంచి మాత్ర. ఇప్పుడు నవ్వూ రాదు, ఏడుపూ రాదు. మొహం సున్నం వేసిన గోడలా ఉంటుంది. చావు కబుర్లు మళ్ళీ చెబుతున్నారు. మొన్న ఒకింట్లో నేను నోరు మెదపకుండా కూర్చుంటే "ఎంత నిబ్బరమండీ ఆవిడది!" అన్నారు. మనిషిని బుర్ర నడిపిస్తుందో, మనసు నడిపిస్తుందో నాకు తెలియదు. నా పేరు ప్రతిష్ఠల్ని మాత్రం ఆ మాత్ర నడిపిస్తోంది.

రేపు అన్నయ్య సంవత్సరీకం. నన్ను పిలిచారు. పిలవడం కాదు, నిన్న వదినే ఫోన్ చేసింది.

"ముందురోజే వచ్చెయ్. అప్పాలకి పిండి తడపాలి. ఇంకో మాట. ఆ మాత్ర కార్యం నాడొక్కరోజు వేసుకోకు."

"నలుగురిలో నవ్వితేనో వదినా?"

"నవ్వు. మీ అన్నకి ఏడ్చేవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళ ఏడుపు ఎంతో నాకు తెలుసు. నీ నవ్వు నాకు కావాలి. ఎవరేమంటారో నేను చూసుకుంటా."

సంచీ సర్దుకున్నాను. మాత్రల అట్ట సంచీలో వేసింది కోడలు. వేసుకుంటానా మానేస్తానా అన్నది ఇక్కడ చెప్పను. రాసేది ఆవిడే కదా.